క్లాష్ లేని టైమ్‌టేబుల్

తలుపు తీశాను. నా గదిలో, నా బోర్డు ముందు, ఒకమ్మాయి మెడకు హార్మోనియంలాంటి అకార్డియన్ తగిలించుకుని నిలబడి ఉంది.

"మీరు పొరపాటున వచ్చినట్టున్నారు," అన్నాను మర్యాదగానే.

"నేను ముందొచ్చానండీ. పొరపాటున వచ్చేవాళ్ళు ఎప్పుడూ వెనకాలే వస్తారు," అంది.

నా చేతిలో టైమ్‌టేబుల్ ఉంది. ఆమె చేతిలోనూ ఉంది. రెండింటి మీదా డీన్ గారి సంతకం, గుండ్రటి సీలు. సోమవారం, మంగళవారం, పొద్దున్న తొమ్మిది, గది 214, గణిత బోధన పద్ధతులు, బోయాన్ త్సెనోవ్. అది నాది. ఆమె కాగితంలో అవే రోజులు, అదే గంట, అదే గది. కాకపోతే సంగీత బోధన పద్ధతులు, నెవెనా రాచెవా.

మా వెనక విద్యార్థులు కిటికీ వైపు సగం, గోడ వైపు సగం కూర్చుని, మగపెళ్ళివారూ ఆడపెళ్ళివారూ ఒకరినొకరు చూసుకున్నట్టు చూసుకుంటున్నారు. అందరూ రేపు బడి టీచర్లు కావాల్సినవాళ్ళు. పెద్దవాళ్ళు ఎలా పోట్లాడుకుంటారో నేర్చుకోవడానికి అప్పుడే నోట్సు తీశారు.

"పదండి, ఆఫీసులో తేల్చుకుందాం," అన్నాను.

"పదండి. ఆ బల్లెం ఇక్కడే పెట్టి రండి."

"ఇది బల్లెం కాదు. బోర్డు మీద వృత్తాలు గీసే కంపాస్."

"మొన దాంతో సమానంగానే ఉంది."

టైమ్‌టేబుల్ ఆఫీసులో ఉండేది స్తోయాంకా గారు. బల్గేరియాలో డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న మా ఊళ్ళో నది ఎటు పారుతుందో ఎవరైనా మర్చిపోవచ్చు గానీ, మా ఫ్యాకల్టీలో ఎవరు ఏ గంటకు ఎక్కడుండాలో ఆవిడ మర్చిపోదు. మా రెండు కాగితాలూ చూసింది. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. కంప్యూటర్ తెర మా వైపు తిప్పింది.

"క్లాష్‌లు సున్నా. చదువుకోండి."

"మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం కదా మేడమ్!"

"ఆయనది గది 214. ఈ అమ్మాయిది రెండో బిల్డింగ్ 214. పోయినేడు పేరు మార్చారు. కంప్యూటర్‌కి అవి రెండు గదులు."

"తలుపు ఒకటే!" అంది నెవెనా.

"తలుపుల సంగతి మెయింటెనెన్స్ వాళ్ళని అడగండి."

"పక్కన 215 ఖాళీగా ఉంది కదా, అదివ్వండి," అన్నాను.

స్తోయాంకా గారు నన్ను జాలిగా చూసింది. "అది రిజర్వు గది, బాబూ. ప్రతి అంతస్తులోనూ ఒక గది అత్యవసరానికి ఖాళీగా ఉండాలని రూలు."

"ఇప్పుడు అత్యవసరమే!"

"అందులో మీరు కూర్చుంటే ఇక అది ఖాళీ ఎలా అవుతుంది?"

నేను ఇంకేదో అనేలోపే ఆవిడ రూళ్ళ పుస్తకం తెరిచింది.

టైమ్‌టేబుల్‌ను కౌన్సిల్ ఆమోదించేసింది కాబట్టి మార్చడానికి లేదు. మార్చాలంటే ఇద్దరూ కలిసి ఫిర్యాదు పెట్టాలి, దాన్ని వినే కమిటీ ఏప్రిల్‌లో కూర్చుంటుంది. ఈలోగా కేటాయించిన గదిలో బోధకుడు లేకపోతే ఆ క్లాసు జరగనట్టు లెక్క. మూడు క్లాసులు జరగకపోతే వచ్చే ఏడు కాంట్రాక్టు ఉండదు. మా ఇద్దరివీ ఏడాది కాంట్రాక్టులే.

"ఆ లెక్కన, ఇప్పుడు మీరిద్దరూ నా ముందు నిలబడ్డారు కాబట్టి," స్తోయాంకా గారు పెన్ను తీసి మా పేర్ల పక్కన చెరొక గీతా గీసింది, "మీకు ఒకటి, మీకొకటి."

అక్కడికక్కడే ఫిర్యాదు రాశాం. కారణం అన్న చోట నెవెనా, 'ఈయనతో ఒకే గదిలో ఉండడం అసాధ్యం' అని కాగితం చిరిగేంత గట్టిగా రాసింది. దాని కింద నేను, 'నిజమే' అని రాశాను.

మర్నాడు గది బయట నిలబడి ఎవరు ముందు లోపలికి వెళ్ళాలో వాదించుకుంటున్నాం. ఇంతలో స్తోయాంకా గారు ఆ దారినే వెళ్తూ ఇంకో గీత గీసింది. ఇక ఇద్దరికీ మిగిలింది ఒక్కటే. దెబ్బకు నోళ్ళు మూసుకుని లోపలికి వెళ్ళాం. ఆ సెమిస్టర్ అలా మొదలైంది.

మొదట వంతులు పెట్టుకున్నాం. ఆమె కాసేపు, నేను కాసేపు. ఆమె కాసేపు ఎప్పుడూ నా కాసేపుకన్నా పొడుగ్గా ఉండేది.

"అయిపోయిందండీ మీ టైమ్."

"పాట మధ్యలో ఎలా ఆపుతానండీ? మీ సమీకరణం మధ్యలో నేను ఆపమన్నానా?"

"అది ఆగితే ఎవరూ ఏడవరు."

"అవును, అది నడిచినప్పుడే ఏడుస్తున్నారు."

గోడ వైపు వాళ్ళంతా నవ్వారు. కిటికీ వైపు వాళ్ళు, అంటే నా వాళ్ళు, ఇంకా గట్టిగా నవ్వారు. ద్రోహులు.

తర్వాత వంతులు చెడి, ఇద్దరం ఒకేసారి చెప్పడం మొదలైంది. బోర్డుకి ఆ చివర నేను భిన్నాలు రాస్తుంటే ఈ చివర ఆమె స్వరాలు రాసేది. ఒకరోజు నా విద్యార్థిని గెర్గానా లేచింది. ఆ అమ్మాయి భిన్నాలంటే భయపడుతుంది. భయపడేవాళ్ళకే వాటిని చెప్పే ఉద్యోగం రాబోతోందని ఇంకా భయపడుతుంది.

"సార్, రెండూ రెండూ మూడూ కలిపితే ఏడు కదా. మూడూ రెండూ రెండూ అన్నా ఏడే. మరి పిల్లాడు తేడా ఏంటని అడిగితే ఏం చెప్పాలి?"

"తేడా ఏమీ లేదని చెప్పాలి," అన్నాను.

"అయ్యో, ఎంత మాట!" అంది బోర్డు అవతలి చివర నుంచి నెవెనా. "తేడా లేదా? లేవండర్రా అందరూ!"

అకార్డియన్ తెరుచుకుంది. రచెనిత్స మొదలైంది. మా పెళ్ళిళ్ళలో కాలు కుదురుగా ఉండనివ్వని నాట్యం అది, ఏడు మాత్రల నడక. రెండు, రెండు, చివర్లో మూడు. అందరూ బెంచీలు తోసేసి ఆడారు. తర్వాత ఆమె నడక మార్చింది. మూడు ముందుకొచ్చింది. అంతే, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నారు, గెర్గానా ఏకంగా నా మీద పడి నేలకు జారింది.

"తెలిసిందా తేడా?" అంది నెవెనా.

"తెలిసింది మేడమ్," అంది గెర్గానా నేల మీద నుంచే, కళ్ళు మెరుస్తుండగా. "మొత్తం ఒకటే, దారి వేరు!"

ఆరు వారాలుగా నేను చెప్పలేకపోయిన మాట అది. నెవెనా వైపు చూశాను. చెంపలు ఎర్రబడి, జుట్టు ఒక పాయ అకార్డియన్ మీటల్లో ఇరుక్కుని ఉంది. దాన్ని విడదీయడానికి తంటాలు పడుతోంది. నేను చూస్తున్నానని చూసి, "ఏంటి?" అంది.

"ఏం లేదండీ. మీ టైమ్ అయిపోయింది," అన్నాను. అంతకన్నా తెలివైన మాట ఆ క్షణాన నోటికి రాలేదు.

ఆ మధ్యాహ్నమే వాన పట్టుకుంది. ఫ్యాకల్టీ బిల్డింగ్ మెట్ల మీద ఇద్దరం నిలబడ్డాం. గొడుగు ఆమె దగ్గర లేదు, నా దగ్గరా లేదు.

"అకార్డియన్ తడిస్తే చచ్చిపోతుంది," అంది దిగులుగా.

నా కోటు తీసి దాని పెట్టెకు చుట్టాను. పెట్టె నెత్తిన పెట్టుకున్నాను. ఆమె నా కంపాస్ తీసుకుంది. వీధి చివర బేకరీ దాకా పరుగెత్తాం. చలికాలం నుంచి నేరుగా బయటకొచ్చిన వాన, సూదుల్లా గుచ్చుతోంది. దారిలో ఎదురైన పోలీసాయన నన్ను వదిలేసి కంపాస్ పట్టుకున్న ఆమెను ఆపి, అదేమిటని అడిగాడు.

"ఈయనదండీ. నేను బల్లెం అనే అనుకున్నాను," అంది గంభీరంగా.

బేకరీలో జున్ను కూరి కాల్చిన వేడి వేడి బానిత్స తిన్నాం. జున్ను వేడికి నా నాలుక కాలింది. ఆమె తన చల్లటి మజ్జిగ గ్లాసు నా ముందుకు తోసింది.

"తాగు. నెమ్మదిగా తినడం కూడా ఎవరైనా పద్ధతిగా నేర్పాలా నీకు?"

నువ్వు అంది. అన్నాక తనే విని, గ్లాసు వైపు చూసింది. నేను విననట్టే తాగాను. గ్లాసు కింద పెట్టి, "నువ్వు నేర్పుతావా?" అన్నాను.

అప్పటి నుంచి చాలా రోజుల దాకా మేము 'మీరు' అనుకోలేదు.

మార్చి ఒకటిన మా దగ్గర అందరూ అందరికీ ఎరుపూ తెలుపూ దారాలు కడతారు, ఆరోగ్యంగా ఉండాలని. నెవెనా తన విద్యార్థులకు కట్టింది. నా విద్యార్థులకు కట్టింది. స్తోయాంకా గారికి కట్టింది. నా కంపాస్‌కి కూడా కట్టింది.

"నాకో?" అన్నాను.

"కంపాస్ నాతో ఎప్పుడూ గొడవ పెట్టుకోలేదు."

"చెక్కకి ఆరోగ్యం దేనికి?"

"నీ చేతిలో ఉంటోందిగా పాపం, అందుకు." అని, నేను నిజంగానే మొహం మాడ్చుకున్నానని చూసి, జేబులోంచి ఇంకోటి తీసింది. దాన్ని అందరివాటికన్నా లావుగా పేనింది. నా మణికట్టుకు ముడి వేస్తూ తల ఎత్తలేదు. ముడి వేయడానికి చాలాసేపు పట్టింది. నాకు తొందరేం లేదు.

ఫిర్యాదు సంగతి ఇద్దరికీ గుర్తుంది. వెనక్కి తీసుకుందామని నేను అనాలనుకున్నాను. ఆమె అంటుందేమోనని చూశాను. ఆమె కూడా అలాగే చూసిందట. అలా చూసుకుంటూ ఉండగా ఆస్ట్రియా నుంచి మా చదువుల నాణ్యత పరీక్షించే ఆయన వచ్చాడు.

ఆయన పేరు ఒబర్‌హుబర్. పొడుగ్గా, శుభ్రంగా, ఇప్పుడే ఇస్త్రీ పెట్టి నిలబెట్టినట్టుండేవాడు. మా క్లాసులో కూర్చున్నాడు. ఏడు మాత్రల నడకకు బూటుతో తాళం వేశాడు. తర్వాత విద్యార్థులు మొహమాటపడకుండా చెప్పాలని మమ్మల్నిద్దరినీ బయటికి పంపి, ఇంగ్లీషులో ఒకే ప్రశ్న అడిగాడు.

"ఈ ఇద్దరు టీచర్లనూ విడదీస్తే మీకు బాగుంటుందా?"

మా వాళ్ళకు ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే సిగ్గు. అందుకని అందరూ కలిసి తలలు ఊపారు. కంగారుగా, గట్టిగా, పైకీ కిందకీ. మా బల్గేరియాలో తల పైకీ కిందకీ ఊపితే వద్దని అర్థం. ఆస్ట్రియాలో కాదు.

'ఇంత ఏకగ్రీవమైన అసంతృప్తిని నా ఉద్యోగంలో ఇంతవరకు చూడలేదు' అని ఆయన రిపోర్టులో రాశాడు. డీన్ హరలంపియెవ్ గారు దాన్ని చదివి మంచినీళ్ళు అడిగారట. ఏప్రిల్‌లో కూర్చోవాల్సిన కమిటీ ఆ వారమే కూర్చుంది. మా ఫిర్యాదు దొరికింది. కారణం అన్న చోట చిరిగిన కాగితం కూడా కమిటీకి బాగా నచ్చిందట.

కొత్త టైమ్‌టేబుల్ వచ్చింది. సోమ, మంగళవారాలు నావి, 214లోనే. గురు, శుక్రవారాలు ఆమెవి, ఊరి అవతల జిమ్నాజియం అనే హైస్కూలు వెనక హాల్లో. ఆమె క్లాసు రోజుల్లో నేను గోర్నో పోలె అనే పల్లెలో, బడిలో పాఠాలు చెప్పి చూసే నా విద్యార్థుల దగ్గర ఉండాలి. నా క్లాసు రోజుల్లో ఆమె ఇంకో పల్లెలో ఉండాలి. శనివారం దూరవిద్య వాళ్ళు నాకు, ఆదివారం ఆమెకు.

ఫిర్యాదును ఆమే కదిలించి ఉంటుందనుకున్నాను. ఇంత తొందరగా ఈ ఆఫీసులో పొయ్యి మీద పాలు కూడా పొంగవు. ఫోన్ తీసి, 'అభినందనలు. మీకు గది దొరికింది' అని పెట్టాను.

చాలాసేపటికి జవాబొచ్చింది. 'మీకూ. ఇక మీ లెక్కలు ప్రశాంతంగా చేసుకోండి.'

మీరు అంది. నేనే ముందు అన్నాను కాబట్టి అడగడానికి లేదు.

గది మొత్తం నాదే ఇప్పుడు. బోర్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా రాయొచ్చు. రాస్తే, వెనక అందరూ కిటికీలోంచి నదిని చూస్తున్నారు. గోడ వైపు బెంచీలు ఖాళీ. సుద్దముక్క చప్పుడు నాకే చిరాకు పుట్టించింది.

"సార్," అంది గెర్గానా, "ఈ అంకెలు నడవట్లేదు."

"అంకెలెక్కడైనా నడుస్తాయా? కూర్చో."

"ఇదివరకు నడిచేవి." కూర్చోలేదు. "మేం వద్దనే చెప్పాం సార్, ఒట్టు. ఎంత గట్టిగా ఊపామంటే నాకు మెడ పట్టేసింది."

"ఏం ఊపారు? ఎవరికి?"

అప్పుడు తెలిసింది నాకు, ఇంత పనీ చేసింది నెవెనా కాదనీ, యాభై మెడలనీ.

డీన్ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన పాపం సానుభూతిగానే విన్నారు.

"విడదీయమని అడగడానికి పద్ధతి ఉంది, త్సెనోవ్. కలపమని అడగడానికి లేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు."

గురువారం పొద్దున్న నేను గోర్నో పోలె బస్సు ఎక్కాలి. ఎక్కలేదు. ఎక్కకపోతే మూడో గీత, కాంట్రాక్టు పోతుంది, అమ్మ ఫోన్లో రెండు గంటలు ఏడుస్తుంది. అన్నీ తెలుసు. అయినా ఊరి అవతలికి నడిచాను, జిమ్నాజియం వెనక హాలు తలుపు తోశాను.

విద్యార్థులు ఉన్నారు. నెవెనా లేదు.

"మేడమ్ రాలేదు సార్," అన్నారు అందరూ కలిసి, భయంగా. ఆమెకూ అది మూడోది. అది వాళ్ళకూ తెలుసు.

ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావు?" అన్నాను.

"నువ్వెక్కడ ఉండాలో అక్కడ," అంది. వెనక పిల్లల గోల. "గోర్నో పోలెలో. నీ బస్సే ఎక్కాను. నువ్వుంటావని వచ్చాను. ఎక్కడ చచ్చావు?"

"నీ హాల్లో."

విద్యార్థులు ఒక్కొక్కరే ముందు బెంచీల్లోకి జరిగారు.

"అయితే నా క్లాసు?" అంది.

"నేను చెప్తాను. మరి నా వాళ్ళు?"

"నా ముందే ఉన్నారు. నీ శిష్యుడొకడు బోర్డు దగ్గర వణుకుతున్నాడు. ఇక్కడ హెడ్‌మిస్ట్రెస్ నన్ను బోయాన్ అని పిలుస్తోంది. కాదంటే, కాగితంలో అలాగే ఉందంటోంది."

"నెవెనా, ఆ ఫిర్యాదు కదిలించింది నేను కాదు."

"తెలుసు. నిన్న మా వాళ్ళు చెప్పారు. నేనూ కాదు. అది చెప్పడానికే వచ్చాను. నువ్వూ అది చెప్పడానికేనా?"

"కాదు."

"మరి?"

"గదంతా నాకే వచ్చింది. నాకొద్దు. మాట మధ్యలో ఎవరూ అడ్డు రాకపోతే నాకు మాట రావట్లేదు."

"ఇది గది గురించా, బోయాన్?"

"కాదు. నువ్వంటే నాకిష్టం. చాలా."

నా వెనక పాతికమంది ఒకేసారి ఊపిరి వదిలారు.

"అదేం చప్పుడు?" అంది నెవెనా అనుమానంగా.

"నీ క్లాసు. స్పీకర్లో ఉంది."

"ఓరి నీ... నాదీ స్పీకర్లోనే ఉంది." అటు నుంచి ఓ పెద్దావిడ గొంతు ఏదో అడిగింది. "హెడ్‌మిస్ట్రెస్ అడుగుతోంది, బోయాన్ నేనైతే మరి నువ్వెవరని."

"ఏమని చెప్తావు?"

ఆమె గొంతు తగ్గించి చెప్పింది, స్పీకర్లో ఉందని మర్చిపోయిందో, లేక గుర్తుండే చెప్పిందో.

"నావాడని చెప్తాను. సాయంత్రం బస్సుకి వస్తున్నా. ఈసారి దయచేసి ఎక్కడికీ కదలకు."

ఇంతలో తలుపు తెరుచుకుంది. స్తోయాంకా గారు. చేతిలో పెన్ను.

"మీరిక్కడేం చేస్తున్నారు?"

"క్లాసు, మేడమ్."

"ఇది సంగీతం."

"అవును," అని పాట అందుకున్నాను. నా గొంతు గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు. చిన్నప్పుడు మా చర్చి గాయకబృందంలోంచి నన్ను పాడొద్దని బతిమాలి పంపేశారు. కానీ పాతిక మంది కాపాడారు. బల్లల మీద దరువు వేస్తూ, నా పాటను నాకు వినపడకుండా పాడారు. స్తోయాంకా గారు పాట అయ్యేదాకా నిలబడింది. మొహంలో ఏ కదలికా లేదు.

"గదిలో అర్హత గల బోధకుడు ఉండాలి, అంతే రూలు," అంది చివరికి. "ఎవరని గానీ, ఎలా పాడాడని గానీ రూల్లో లేదు. గోర్నో పోలె నుంచి కూడా బోధకుడు వచ్చాడనే ఫోన్ చేశారు. క్లాసు జరిగింది." తలుపు దగ్గర ఆగి, "రెండోసారి మాత్రం జరగనివ్వకండి. చెవులు నావి," అంది.

సాయంత్రం బస్టాండులో సన్నగా చినుకులు. నెవెనా దిగింది. హెడ్‌మిస్ట్రెస్ ఇచ్చిన మిరపకాయ పచ్చడి సీసా ఒక చంకలో, మొహం మీద సుద్దపొడి. నా ముందుకొచ్చి నిలబడింది. పొద్దున్న ఫోన్లో అంత ధైర్యంగా ఉన్నవాడినల్లా నోరు తెరవలేకపోయాను.

"మాట్లాడు. ఎవరూ అడ్డు రావట్లేదనా?" అంది. అని, అడ్డొచ్చింది. సీసా ఇద్దరి మధ్యా నలిగింది గానీ పగల్లేదు.

జూన్‌లో పెళ్ళి పెట్టుకున్నాం. అందరూ శనాదివారాలు చేసుకుంటారు. మాకిద్దరికీ కలిసి ఖాళీ దొరికింది ఒక్క బుధవారమే. ఆ మాట చెప్పి ఆశీర్వాదం తీసుకుందామని నెవెనా వాళ్ళ అమ్మమ్మ ఊరికి వెళ్ళాం. ముసలావిడ వాకిట్లో చెర్రీలు ఏరుతోంది. నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"బుధవారం పెళ్ళా? వంటకి మనుషులు దొరుకుతారటే? సరే. నువ్వేం చేస్తుంటావు నాయనా?"

"లెక్కలు ఎలా చెప్పాలో చెప్తుంటాను అమ్మమ్మా."

"అంటే పిల్లలకి లెక్కలు చెప్తావు."

"పిల్లలకి కాదు. పిల్లలకి చెప్పబోయేవాళ్ళకి, ఎలా చెప్పాలో చెప్తాను."

అమ్మమ్మ మనవరాలి వైపు తిరిగింది. "నువ్వు పాటలు చెప్తావుగా?"

"నేనూ అంతే అమ్మమ్మా. ఎలా చెప్పాలో చెప్తాను."

ఆవిడ చెర్రీల గిన్నె పక్కన పెట్టింది. మా ఇద్దరి చేతులూ తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఎర్రటి రసం మా వేళ్ళకంతా అంటింది.

"చల్లగా ఉండండి," అంది. "కాపురం ఎలా చెయ్యాలో మాత్రం ఎవరికీ చెప్పకండి తల్లీ. మీరే చేసుకోండి."